పగటి ఎండను రాత్రికి దాచుకునే ఇల్లు

అరకులోనో పాడేరులోనో సొంత భూమి ఉండి, విశాఖలో స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో ఉద్యోగం చేసుకుంటున్న గిరిజన కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఊళ్లో ఒక మంచి ఇల్లు కట్టుకోవాలని చూస్తున్నారు. కొందరు అమ్మానాన్నల కోసం, కొందరు నాలుగు గదులు వేసి పర్యాటకులకు ఇద్దామని. చేతిలో కొంత పొదుపు ఉంటుంది. ఫోన్‌లో స్విట్జర్లాండ్ విల్లాల ఫోటోలు ఉంటాయి, నేల నుంచి కప్పు దాకా గాజు గోడ, దాని వెనక మంచుకొండ. మేస్త్రీ మాత్రం గాజువాకలో కట్టి వచ్చిన ప్లానే తెచ్చి ముందు పెడతాడు. ఈ రెండింటిలో ఏది కట్టినా జనవరి రాత్రి ఆ ఇంట్లో వణకక తప్పదు. ఫోటోలోని ఇల్లు పగలూ రాత్రీ గడ్డకట్టించే చలి కోసం కట్టింది. గాజువాక ఇల్లు ఉక్కపోత కోసం కట్టింది. మన తూర్పు కనుమల చలి తీరే వేరు. ఆ తీరు తెలిస్తే ఇల్లు సగం కట్టినట్టే.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుందని బడిలో చదువుకున్నాం. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. ఆ లెక్కన విశాఖలో తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే అరకులో 12 ఉండాలి. కానీ చలి ముదిరిన రోజుల్లో అరకు, చింతపల్లి, లంబసింగి పది డిగ్రీల లోపలికి దిగిపోతాయి. లంబసింగి కొన్నేళ్లలో సున్నా దరిదాపులకు కూడా వెళ్లింది. ఆ మిగతా చలి ఎక్కడి నుంచి వచ్చింది? విశాఖను రాత్రంతా సముద్రం వెచ్చగా ఉంచుతుంది. కొండలకు ఆ ఆసరా లేదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, పల్లానికి జారి లోయ అడుగున నిలిచిపోతుంది. తెల్లవారుజామున పాడేరు దగ్గర వంజంగి కొండెక్కితే కాళ్ల కింద పరుచుకుని కనిపించే తెల్లటి పొర అడుగున ఉన్నది ఆ నిలిచిన చలిగాలే.

పొద్దెక్కి మంచు విడిపోయాక అదే ఊళ్లో స్వెటర్ విప్పేస్తాం. చలికాలంలో కూడా మధ్యాహ్నం 24, 25 డిగ్రీలు మామూలే. అంటే పగటికీ రాత్రికీ పదిహేను డిగ్రీల తేడా. లేహ్‌లో, ఆల్ప్స్ కొండల్లో పగలు కూడా సున్నా దాటని రోజులుంటాయి, అక్కడ ఏదో ఒకటి మండించక తప్పదు. మనకు మండించాల్సిన పని దాదాపు లేదు. పగలు ఉచితంగా వచ్చిన ఎండను రాత్రి దాకా దాచుకుంటే చాలు. ఇక్కడి ఇంటికి చలి మూడు నెలలే, వాన మాత్రం జూన్ నుంచి అక్టోబరు దాకా. కాబట్టి చలి కోసం చేసే ఏ పనీ వానకు ఎదురు తిరగకూడదు.

ముందు నేల సంగతి

ఇది చదివే విశాఖవాసుల్లో గిరిజనేతరులూ ఉంటారు. రిటైరయ్యాక అరకులో ఒక చిన్న విల్లా అన్నది మీలో చాలామంది కోరిక. మీకు సూటిగా చెప్పాలి. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, ఇలా పాత విశాఖ ఏజెన్సీలోని పదకొండు మండలాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వస్తాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినా ఇందులో మార్పేమీ లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. దాన్నే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. అమ్మకం ఒక్కటే కాదు, కౌలు, తాకట్టు, బహుమతి కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. అనంతగిరి మండలంలోని గనుల తగాదాయే సమత కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది.

"మా డ్రైవర్ పేరు మీద కొంటాం", "పదేళ్లకు అగ్రిమెంటు రాసుకుంటాం" అనే మాటలు రెస్టారెంటు బల్లల దగ్గర వింటుంటాం. ఆ కాగితాలు చెల్లవు. చెల్లకపోవడమే న్యాయం కూడా. ఎందుకంటే ఆ చట్టం లేకపోతే లోయ అడుగున ఉన్న చదునైన పొలాలన్నీ ఈపాటికి లేఅవుట్లయి, వాటిని తరతరాలుగా దున్నిన కుటుంబాలు కొండ పైకి జరిగిపోయేవి. మీకు కొండగాలి కావాలంటే గిరిజన కుటుంబాలు నడిపే ఇళ్లలో అతిథిగా ఉండండి, అద్దె వాళ్ల చేతికే ఇవ్వండి. హిమాచల్ వైపు చూస్తున్నవారు కూడా ముందుగా అక్కడి 1972 కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షన్ చదవాలి. అక్కడ కూడా బయటివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు.

ఇక్కడి నుంచి నేను మాట్లాడేది ఆ నేల మీద హక్కున్నవారితో.

ఎక్కడ, ఏ వైపుకు

రోడ్డు పక్కన, వాగు ఒడ్డున, చదునుగా ఉన్న చోట కట్టాలని అందరికీ ఉంటుంది. పునాది సులువు, లారీ వస్తుంది. కానీ రాత్రి చలిగాలి వచ్చి నిలిచేది సరిగ్గా అక్కడే. వాలుకు మధ్యలో, దక్షిణానికి గానీ ఆగ్నేయానికి గానీ మొహం చేసిన చోటు దొరికితే వదులుకోకండి. శిఖరం మీద గాలి తాకిడి, అడుగున చలి, వరద. మధ్య వాలు రెండింటికీ దూరం. పాత ఊళ్లు చాలా వరకు అలాంటి చోట్లే ఉన్నాయి, పొలం మాత్రం అడుగున ఉంటుంది. చదును నేల పంటకు వదిలిపెట్టాలన్నది మొదటి కారణం. వెచ్చదనం కూడా దానితోపాటు కలిసొచ్చింది.

కొండను నిలువుగా కోసి, ఆ మట్టినే ముందు వైపు పోసి చదును చేస్తే, ఇల్లు సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలుస్తుంది. రెండు వానాకాలాలకు గోడ మధ్యలో పగులు వస్తుంది. ఇంటిని రెండు మెట్లుగా దించండి. పై మెట్టులో పడకగదులు, కింది మెట్టులో హాలు, వంటిల్లు. వెనకాల నిలబెట్టే రాతి గోడకు నీళ్లు బయటికి పోయే రంధ్రాలు తప్పనిసరి. దానికీ పైన, కొండవాలు మీద అడ్డంగా ఒక కాలువ తవ్వి వాన నీటిని ఇంటి పక్కగా మళ్లించండి. వానల్లో కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం మీద కొండచరియలు పడి బండ్లు ఆగిన వార్త దాదాపు ఏటా చదువుతాం. కోసిన వాలుకూ నీటికీ ఎప్పుడూ పడదు.

ఇప్పుడు దిక్కు. అరకు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వెళ్తాడు. కాబట్టి దక్షిణపు కిటికీ లోంచి చలికాలంలో ఎండ గది లోపలి దాకా వస్తుంది, వేసవిలో అసలు రాదు. పడమటి కిటికీ దీనికి పూర్తిగా ఉల్టా, ఏప్రిల్ సాయంత్రం గదిని కాల్చేస్తుంది.

ఇక్కడే వాస్తు అడ్డొస్తుంది. దక్షిణం మూసెయ్యండి, తూర్పు, ఉత్తరం తెరవండి అంటారు. ఉక్కపోసే తీరంలో ఈశాన్యపు తెరపి సుఖంగానే ఉంటుంది, కొండ మీద మాత్రం ఉత్తరపు కిటికీ చలిని తేవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పెద్దల మనసు నొప్పించనక్కర్లేదు. గుమ్మం తూర్పుకే పెట్టండి, పొద్దుటి ఎండ వసారాలోకి వస్తుంది. దక్షిణాన ద్వారం వద్దు, కిటికీలు పెట్టండి. ఉత్తరాన స్నానాలగది, సామాన్లగది, మెట్లు పెట్టి వాటితో ఇంటికి అడ్డుగోడ కట్టినట్టు చేయండి.

సన్‌షేడ్ ఎంత ఉండాలో లెక్క చూసుకోవచ్చు. నాలుగడుగుల ఎత్తు కిటికీకి ఒక అడుగు పైన, అడుగున్నర ముందుకు వచ్చే సన్‌షేడ్ వేశారనుకోండి. డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ కిటికీ పైభాగంలో ఎనిమిది అంగుళాలు మాత్రమే పడుతుంది, మిగతా గాజంతా ఎండే. మార్చి మూడో వారానికి అదే నీడ మూడున్నర అడుగులకు పైగా దిగి, కిటికీని దాదాపు పూర్తిగా కప్పేస్తుంది. ఒక్క సిమెంటు పలక, ఏ మీటా నొక్కకుండా, కాలాన్ని బట్టి ఎండను లోపలికి రానిస్తుంది, ఆపుతుంది. వాన జల్లు కోసం ఇంకా పొడుగు కావాలనిపిస్తే కింద ఒక మడత చెక్క తలుపు పెట్టుకోండి, సన్‌షేడ్‌ను మాత్రం పొడిగించకండి.

వేడిని దాచేది ఏది

లోపలికి వచ్చిన ఎండ ఎక్కడో ఒక చోట నిలవాలి. స్టీల్‌ప్లాంటులో పనిచేసినవారికి ఈ సూత్రం బాగా తెలుసు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసుల పక్కన ఎత్తైన స్టవ్‌లుంటాయి. వాటి నిండా గళ్లు గళ్లుగా పేర్చిన ఇటుకలు. ముందు గ్యాసు మండించి ఆ ఇటుకలను కాలుస్తారు, తర్వాత మంట ఆపి వాటి గుండా గాలిని పంపుతారు. ఇటుకలు దాచుకున్న వేడితో ఆ గాలి వెయ్యి డిగ్రీలు దాటి ఫర్నేసులోకి వెళ్తుంది. మీ ఇంటి నేల, లోపలి గోడలు ఆ ఇటుకల పనే చేయాలి, పగలు ఎండ మంట, రాత్రి మీరు పీల్చే గాలి.

ఒక ఘనమీటరు కాంక్రీటు అయిదు డిగ్రీలు వేడెక్కితే దాచుకునే వేడి సుమారు మూడు యూనిట్ల కరెంటుకు సమానం. పన్నెండు పన్నెండు అడుగుల గదిలో నాలుగంగుళాల మందపు నేల ఒక్కటే ఒక ఘనమీటరుకు పైన ఉంటుంది. కిలోవాట్ హీటరు నాలుగు గంటలు వెలిగితే వచ్చే వేడి ఆ నేలలో దాగుతుంది. అయితే నేల మీద తెల్లటి నునుపు టైల్ వేస్తే వచ్చిన ఎండలో చాలా భాగం తిరిగి కిటికీ లోంచే బయటికి పోతుంది. కిటికీ ముందు భాగమైనా నల్లటి కడప రాయి వేయండి, ఆ చోట తివాచీ పరవకండి, సోఫా పెట్టకండి. మంచం దగ్గర మాత్రం దుప్పటో చాపో ఉంటే పాదానికి చలి తగలదు.

గోడకు ఇంకో ధర్మం ఉంది: లోపల బరువు, బయట బిగువు. ఒట్టి తొమ్మిదంగుళాల ఇటుక గోడ వేడిని దాచుకుంటుంది గానీ తెల్లవారేసరికి బయటికి కూడా పోగొట్టుకుంటుంది. ఏఏసీ బ్లాకుల (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు దిమ్మల) గోడ అందులో దాదాపు మూడో వంతు వేడినే బయటికి వదులుతుంది, కానీ తేలిక కాబట్టి తానేమీ దాచుకోదు. అందుకే బయటి గోడలకు ఏఏసీ, లోపలి అడ్డగోడలకు రాయి గానీ ఫ్లై యాష్ ఇటుక గానీ వాడమంటాను. పరవాడ వైపు నుంచి ఫ్లై యాష్ ఇటుకలు ఎలాగూ వస్తాయి. ఏఏసీ ఖర్చు ఎక్కువనిపిస్తే ఇటుకను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్‌ట్రాప్ పద్ధతి ఉంది. దాన్ని మన దేశంలో విరివిగా కట్టి చూపించిన లారీ బేకర్ కేరళకు వెళ్లకముందు ఏళ్ల తరబడి హిమాలయాల్లోని పితోరాగఢ్‌లో ఉండి, అక్కడి కొండవాళ్ల ఇళ్లను చూసే పాఠాలు నేర్చుకున్నారు.

మీ అమ్మమ్మ ఇల్లు కూడా ఒకసారి కొలిచి చూడండి. అడుగు, అడుగున్నర మందం మట్టిగోడ. వంగి వెళ్లాల్సిన గుమ్మం. భుజం దాకా దిగిన చూరు. దూలాల మీద అటక, అటక మీద ధాన్యం, దాని పైన పెంకులు. పొయ్యి పైన వేలాడదీసిన మొక్కజొన్న కంకులు పొగకు నల్లబడి, పురుగు పట్టకుండా ఉంటాయి. మందపు గోడ, అటక, దిగిన చూరు, ఈ మూడూ కొత్త ఇంట్లోకి తెచ్చుకోండి. పొగను మాత్రం వదిలేయండి. దాన్ని ముప్పై ఏళ్లు పీల్చిన ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ ఎంత పాడయ్యాయో మీకే తెలుసు.

కప్పు, గాజు, నిప్పు

చలి ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చిల్లు కప్పే. రాత్రంతా ఆకాశాన్ని చూస్తూ ఉండేది అదే మరి. రేకుల ఇంట్లో చలికాలం పడుకున్నవారికి తెలుసు, వాన లేకుండానే తెల్లవారుజామున మొహం మీద చుక్క పడుతుంది. మనం వదిలిన ఊపిరిలోని తేమ చల్లటి రేకును తాకి నీరై కారుతుంది. స్లాబులో చుక్క పడదు గానీ మూలల్లో నల్లటి బూజు పడుతుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ప్రకారం కప్పు గుండా పోయే వేడి, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. ఒట్టి స్లాబు గుండా 3 వాట్లకు పైనే పోతుంది. స్లాబే కావాలంటే దాని పైన రెండంగుళాల గట్టి ఫోమ్ పలకలు పరిచి, వాటి మీద వాలుగా కాంక్రీటు పోయించండి. పెంకుల కప్పయితే కింద చెక్క సీలింగు వేసి మధ్యలో అటకంత ఖాళీ వదలండి. బడ్జెట్‌లో ఎక్కడ కోత పెట్టినా సరే, కప్పు దగ్గర మాత్రం పెట్టకండి. గ్రానైట్ తర్వాతైనా వేసుకోవచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి తీరంతో ఆగలేదు. కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. కాబట్టి పెంకుల కప్పు నాలుగు వైపులా వాలుగా ఉండాలి, ప్రతి వాసాన్నీ ఇనుప పట్టీతో గోడపై బీముకు కట్టాలి. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా నిలబెట్టండి. గాలికి అది లేచిపోయినా ఇంటి కప్పు నిలుస్తుంది.

ఇక ఫోటోలోని గాజు గోడ. ఒంటి గాజు గుండా పోయే వేడి ఏఏసీ గోడ గుండా పోయేదానికి ఏడెనిమిది రెట్లు. రెండు పొరల గాజు దాన్ని సగానికి తగ్గిస్తుంది, అంతే. హాలుకు దక్షిణాన ఇరవై, పాతిక చదరపు అడుగుల కిటికీ, రాత్రికి నేలదాకా దిగే మందపు తెర, ఇవి చాలు. మంచు విడిపోయిన రోజున ఆ కిటికీ సుమారు నాలుగు యూనిట్ల వేడిని లోపలికి తెస్తుంది. లోయ అందం చూడాలనుకుంటే వసారాలో కూర్చోండి, చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

నిప్పు విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. గది తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గు సగం కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రాదు. మూసిన స్నానాలగదిలో గ్యాస్ గీజరుదీ అదే ప్రమాదం, దాన్ని బయటి గోడకే బిగించాలి. పర్యాటకులకు గదులిచ్చేవారు గదిలోకి కుంపటి ఇవ్వనే ఇవ్వకండి, వాళ్లెంత అడిగినా సరే. నిప్పు చుట్టూ కూర్చోవాలన్న వాళ్ల ముచ్చట పెరట్లో తీర్చండి. ప్రతి పడకగదికీ పైన నాలుగంగుళాల గాలి గొట్టం ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలి. దాంతో పోయే వేడి కొంచెమే. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది కాబట్టి నలుగురు పడుకున్న చిన్న గది తనంతట తానే కొంత వెచ్చబడుతుంది. పడకగదులు చిన్నవిగా, కప్పు తొమ్మిదడుగులకు మించకుండా కట్టమనేది ఇందుకే. వేడినీళ్లకు సోలార్ ట్యాంకు పెట్టించుకోండి, ఎండకు కొదవ లేదు.

ప్లాను గీయించే ముందు రెండు పనులు చేయండి. గోడ థర్మామీటర్లు తక్కువ ధరకే దొరుకుతాయి, మూడు కొనండి. డిసెంబరులో స్థలంలో వాగు దగ్గర ఒకటి, మధ్య వాలులో ఒకటి, మీ పాత ఇంటి లోపల ఒకటి పెట్టి, తెల్లవారుజామున అయిదింటికీ మధ్యాహ్నం రెండింటికీ ఎంత ఉందో వారం పాటు నోట్‌బుక్కులో రాయండి. రెండోది, జూలైలో జోరువాన కురిసే రోజు గొడుగు వేసుకుని వెళ్లి నీళ్లు ఏ దారిన దిగుతున్నాయో చూసి గుర్తులు పాతండి. ఆ నోట్‌బుక్కూ ఆ గుర్తులూ చూపించిన తర్వాతే ఇంజనీరుకు అడ్వాన్సు ఇవ్వండి. వాటిని చూడనంటే ఇంకో ఇంజనీరును వెతుక్కోండి.